మీ ఊరి మాట ప్రాంత ప్రణాళికలోకి ఎక్కాలంటే ఏం చేయాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ రోడ్డు పట్టుకుని పోయినా కట్టి వదిలేసినవి కనిపిస్తాయి. నీళ్లెక్కని ఓవర్‌హెడ్ ట్యాంకు, తాళం పడిన ఆర్వో ప్లాంటు, తుమ్మచెట్లు మొలిచిన చెత్త షెడ్డు. వాటిని కట్టడానికి డబ్బు ఎక్కడినుంచో వచ్చింది. నడపడానికి మాత్రం రాలేదు. కట్టే ముందు ఊరిని ఎవరూ అడగలేదు, ఊరు కూడా "ఏడాదికి దీని ఖర్చు ఎంత, ఎవరు పెడతారు?" అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న మీ ఊళ్లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ గట్టిగా అడిగించడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సర్పంచి అయినా, పొదుపు సంఘం లీడరయినా, ఏ పదవీ లేని మామూలు మనిషయినా ఈ పని మొదలుపెట్టవచ్చు.

ముందు కాలం చూసుకోండి

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఏటా తయారవుతుంది. వచ్చే ఆర్థిక సంవత్సరం ప్రణాళిక కోసం దేశమంతా సాధారణంగా అక్టోబరు 2న ప్రచారం మొదలవుతుంది. మన దగ్గర సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాలు వస్తాయి, తుపాన్ల భయం ఉంటుంది, పెన్నా డెల్టాలో నార్లు, నాట్లు మొదలవుతాయి. ఆ రోజుల్లో సభ పెడితే వచ్చేది సంతకం పెట్టాల్సిన పదిమందే. అందుకే అసలు పనిని ఆగస్టు, సెప్టెంబరుల్లోనే చేసుకోండి. అక్టోబరు సభకు సిద్ధంగా ఉన్న కాగితంతో పోవాలి.

పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాలకు ఇంకో చిక్కు ఉంది. కనిగిరి, మార్కాపురం వైపు ఎన్నో కుటుంబాలు పనులకు హైదరాబాద్, బెంగళూరు పోయి ఉంటాయి. వాళ్లు ఊరికి వచ్చేది సంక్రాంతికి. ఆ మూడు రోజుల్లో ఒక సాయంత్రం వాళ్ల కోసమే కూర్చోండి. ఊరు ఎందుకు వదలాల్సి వచ్చిందో వాళ్లకంటే బాగా చెప్పగలిగినవాళ్లు లేరు. అప్పటికి ఆ ఏటి ప్రణాళిక దాదాపు అయిపోయి ఉంటుంది, అయినా వాళ్లు చెప్పింది రాసి పెట్టుకుంటే మరుసటి ఏటికి పనికొస్తుంది.

మీ ప్రాంతం ఎంతవరకో తేల్చుకోండి

ఊరి పొలిమేర దగ్గర సమస్య ఆగదు. పై ఊరి చెరువు నిండి కలుజు (అదనపు నీళ్లు పొర్లే చోటు) పారితేనే కింది చెరువుకు నీళ్లు. పై ఊళ్లో సప్లై చానల్ (చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ) పూడిపోతే కింది ఊరు ఎన్ని తీర్మానాలు చేసినా లాభం లేదు. కాబట్టి ఒకే వాగు మీదో, ఒకే కాలువ కిందో, ఒకే బస్సు రూటులోనో ఉన్న నాలుగైదు పంచాయతీలను ఒక ప్రాంతంగా అనుకోండి. ఉదయగిరి మెట్టలో అది చెరువుల వరుస కావచ్చు. ముత్తుకూరు వైపు అయితే రేవు, థర్మల్ కేంద్రాల లారీలు తిరిగే రోడ్డు కావచ్చు. చీమకుర్తి చుట్టూ అయితే గ్రానైట్ క్వారీలు, వాటి దుమ్ము, వాటి నీళ్ల గుంటలు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు అయితే ఫ్లోరైడ్ నీళ్లు.

సాగునీటి విషయంలో నీటి సంఘాలను మరిచిపోకండి. 1997 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. మీ చెరువుకో, కాలువకో ఎన్నికైన కమిటీ ఉంటే ఆ అధ్యక్షుణ్ని మొదటి రోజే పిలవండి. పంచాయతీ ఒక దారి, నీటి సంఘం ఒక దారి పడితే రెండూ సగం పనే చేస్తాయి.

ఇంకో జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు వైపు ఊళ్లు నెల్లూరులో కలిశాయి, గూడూరు వైపు ఊళ్లు తిరుపతికి పోయాయి, చీరాల, అద్దంకి వైపు బాపట్లకు పోయాయి. జిల్లా పరిషత్తులు మాత్రం పాత ఉమ్మడి జిల్లాల ప్రకారమే కొనసాగాయి. ఆ తర్వాత కూడా సరిహద్దుల మీద కదలిక ఆగలేదు. మీ అర్జీ ఏ కలెక్టరుకు, ఏ జిల్లా పరిషత్తుకు పోవాలో మండల ఆఫీసులో ముందే కనుక్కోండి. తప్పు ఆఫీసుకు పోయిన కాగితం నెలల తరబడి తిరుగుతుంది.

పంచాయతీ డబ్బు లెక్క రాయండి

చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా కోరికల జాబితాకు పోతారు. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే.

ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఎడమ పేజీలో ఊరికి వచ్చే డబ్బు రాయండి: ఇంటి పన్ను డిమాండు ఎంత, వసూలు ఎంత, కుళాయి పన్ను, చెరువు చేపల వేలం, సంత ఆశీలు, లైసెన్సు ఫీజులు, భూముల రిజిస్ట్రేషన్లపై స్టాంపు సర్‌చార్జి వాటా, గనులున్న చోట సీనరేజి (ఖనిజాల మీద వసూలు చేసే రుసుము) వాటా, ఆర్థిక సంఘం గ్రాంటు. కుడి పేజీలో ఏటా తప్పని ఖర్చు రాయండి: పారిశుధ్య కార్మికుల జీతాలు, వీధి లైట్ల కరెంటు, బోరు మోటార్ల కరెంటు, బ్లీచింగు, రిపేర్లు. కరెంటు బిల్లు దగ్గర కొంచెం ఆగండి. చాలా పంచాయతీలకు పెద్ద బరువు అదే. పాత బకాయి ఉంటే వేరే గీత గీసి రాయండి.

సెక్రటరీ గారు ఈ లెక్కలు ఇవ్వాలి. మర్యాదగా, ముందుగా చెప్పి, ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే చాలా చోట్ల ఇస్తారు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఈ–గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే పాత ప్రణాళికలు కూడా కనిపిస్తాయి. గత రెండేళ్లలో మీ ఊరి పేరున ఏ పనులు ఎక్కించారో చూసి, నడుచుకుంటూ పోయి అవి నిజంగా ఉన్నాయో లేదో సరిపోల్చుకోండి. ఊరికి ఆసక్తి పుట్టించడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

ఆర్థిక సంఘం డబ్బుకు షరతులుంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 మధ్య ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే వాడాల్సి ఉండేది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది, జీతాలకు మాత్రం కాదు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. కాబట్టి ఈ ఏడాది ఏ నిబంధన నడుస్తోందో అడిగి ఆ పుస్తకంలోనే రాసుకోండి. ఆ డబ్బుతో సిమెంటు రోడ్డు వేద్దామని ఊరంతా తీర్మానించాక "ఇది రోడ్డుకు వాడకూడదు" అంటే జనం మళ్లీ సభకు రారు.

ఇప్పుడు ప్రతి కోరికకూ నడిపే ఖర్చు లెక్క కట్టండి. ఫ్లోరైడ్ ఉన్న ఒక ఊరికి ఆర్వో ప్లాంటు కావాలనుకుందాం. ఈ అంకెలు పద్ధతి చూపడానికి వేసినవే, మీ ఊరి బిల్లులు మీరు పెట్టుకోండి. నెలకు కరెంటు 4,000 రూపాయలు, నడిపే మనిషికి 6,000, ఫిల్టర్లు, మెంబ్రేన్ల కోసం పక్కన పెట్టేది 3,000, మోటారు రిపేర్లకు 2,000. మొత్తం 15,000. ఇరవై లీటర్ల క్యాను 5 రూపాయలకు ఇస్తే నెలకు 3,000 క్యాన్లు, అంటే రోజుకు 100 క్యాన్లు పోవాలి. మీ ఊళ్లో రోజుకు 100 క్యాన్లు పోతాయా? పోకపోతే పక్క ఊరితో కలిసి ఒకటే ప్లాంటు పెట్టుకోవాలా? లేదా రక్షిత మంచినీటి పథకం పైపులైను కోసం గట్టిగా పట్టుబట్టడమే మేలా? ప్లాంటు వదిలేసే ఉప్పునీళ్లు ఎక్కడికి పోతాయి? వాటిని బావిలోకో కుంటలోకో వదిలితే వచ్చే ఏడు ఆ ఫ్లోరైడే తిరిగి మన బిందెలోకి వస్తుంది. ఒక ఆడబిడ్డ పలక మీద ఈ కూడికలు వేసి చూపిస్తే సభలో ఎవరికీ సందేహం ఉండదు.

హైవే పక్క ఊళ్లకు ఇంకో లెక్క తప్పనిసరి. నెల్లూరు నుంచి కావలి మీదుగా ఒంగోలు దాకా వెంచర్లు పడుతూనే ఉన్నాయి. ప్లాట్లు అమ్మేవాళ్లు అమ్మేసి పోతారు. రెండేళ్లకు అక్కడ పది ఇళ్లు లేస్తాయి. రోడ్డు, డ్రైనేజీ, లైట్లు, చెత్త బండి అన్నీ పంచాయతీ మీద పడతాయి. ఆ పదిళ్ల పన్నుతో రెండు కిలోమీటర్ల లైట్ల బిల్లు కట్టగలమా? ఆమోదం ఉన్న లేఅవుట్ అయితే 10 శాతం ఖాళీ స్థలం ఊరికి అప్పగించాలి. దాన్ని పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ రాయించారా, కంచె ఉందా అని చూడండి. ఆ పదిశాతం పోతే రేపు అంగన్‌వాడీకి సెంటు స్థలం దొరకదు.

మ్యాపు గీయించండి

గ్రామ సర్వేయరు దగ్గర ఊరి పటం ఉంటుంది. దాన్ని చూసి, రచ్చబండ దగ్గర ముగ్గుపిండితో నేలమీద పెద్దగా గీయండి. చెరువు, తూములు, కలుజు, వాగు పోరంబోకు, బోర్లు, శ్మశానం, కాలనీలు. పెద్దవాళ్లను నిలబడనివ్వండి, చేయి పెట్టనివ్వండి. "ఈ కాలువ ఇట్లా పోయేది కాదప్పా, మా చిన్నప్పుడు అటు తిరిగేది" అని ఒకాయన అంటాడు. అప్పుడే ఆక్రమణ ఎక్కడ మొదలైందో బయటపడుతుంది. ఆ మాటకు గొడవ కూడా రావచ్చు. సభలో వాదన పెంచకుండా, సర్వే నంబరు రాసుకుని సర్వేయరు చేత కొలిపించాలని తీర్మానంలో పెట్టండి.

పెన్నా ఒడ్డు ఊళ్లవాళ్లు 2021 నవంబరు వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇంటింటి గోడ మీద చూసి ఆ గీత మ్యాపులో గీయాలి. ఇళ్ల స్థలాలకు గానీ, గ్రామ సచివాలయం భవనానికి గానీ జాగా చూపించేటప్పుడు ఆ గీత లోపల పెట్టొద్దని చెప్పడానికి అదే ఆధారం. సముద్రం ఒడ్డు ఊళ్లు రొయ్యల గుంటలనూ, వాటి నీళ్లు వదిలే కాలువలనూ, తాగే దొరువులనూ (మంచినీటి గుంటలనూ) మూడు రంగుల్లో గీస్తే చాలు, సగం వాదన అక్కడే తేలిపోతుంది.

మ్యాపును ఫోటో తీసి, చార్టు మీద ఎక్కించి పెట్టుకోండి.

ఎవరి దగ్గరికి మీరే పోవాలి

గ్రామ సభ అంటే ఊరి ఓటర్లందరూ. మైకులో దండోరా వేస్తే వచ్చేవాళ్లు వేరు, రావాల్సినవాళ్లు వేరు. ఎస్సీ కాలనీకీ, యానాది కాలనీలకీ, పట్టపుపాలేలకూ (మత్స్యకారుల పల్లెలకూ) మీరే పోవాలి. పట్టపుపాలెంలో ముందు అక్కడి కులపెద్దలైన పెద్దకాపులతో మాట్లాడి, తర్వాత వల బాగుచేసుకునే ఆడామగా అందరితో విడిగా మాట్లాడండి. ఉపాధి హామీ పని జరిగే చోట మధ్యాహ్నం నీడలో కూర్చున్నప్పుడు దొరికినంత ఓపిక ఇంకెక్కడా దొరకదు.

"మీకేం కావాలి?" అని అడగకండి. అలా అడిగితే పింఛను, ఇల్లు, రేషను అంటారు. అవి న్యాయమైన కోరికలే, వాటిని వేరుగా రాసుకుని సచివాలయంలో ఇవ్వండి. ప్రాంతం గురించి తెలియాలంటే జరిగింది అడగాలి. "అక్కా, పోయిన వేసవిలో నీళ్లకు ఎంత దూరం పోయినావు? నెలకు క్యాన్లకు ఎంత పెట్టినావు?" "అన్నా, పంట మార్కెట్టుకు తోలడానికి బాడుగ ఎంతయింది?" "మీ పిల్ల ఇంటర్‌కి ఏ బస్సులో పోతుంది, రాత్రి ఎన్నింటికి వస్తుంది?" ఇలాంటి జవాబులు కూడితే ఊరి బయటికి పోయే డబ్బు ఎంతో తెలుస్తుంది. ఊరికి ఆదాయం పెంచడమంటే పన్ను పెంచడం ఒక్కటే కాదు. అనవసరంగా బయటికి పోయే రూపాయిని ఆపడం కూడా.

ఆడవాళ్ల దగ్గరికి పొదుపు సంఘాల ద్వారా పోండి. వాళ్ల సమావేశంలో మీకు అరగంట ఇవ్వమని గ్రామ సమాఖ్యను అడగండి. నెల్లూరు జిల్లాకు ఇందులో గర్వపడే చరిత్ర ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ మాట్లాడుకున్న ఆడవాళ్లు 1992లో సారా అంగడికి ఎదురు నిలబడ్డారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం వెంటే నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. సారాకు పోయే డబ్బు ఇంట్లో నిలవాలన్నది వాళ్ల లెక్క. ప్రణాళిక అనే మాట ఎవరూ వాడలేదు, కానీ ఊరి డబ్బు గురించి ఊరే తీర్మానించుకోవడం అంటే అదే. మీ సభలో ఈ సంగతి తెలిసిన పెద్దమ్మ ఎవరైనా ఉంటే ఆమె చేత మాట్లాడించండి.

తీర్మానం రాయడం

నోటిమాటగా ఒప్పుకున్నది లెక్కలోకి రాదు. తీర్మానాల పుస్తకంలో ఎక్కాలి. "గ్రామంలో నీటి సమస్య పరిష్కరించాలని తీర్మానించడమైనది" అని రాస్తే అది ఎవరికీ పని చెప్పదు. ఇలా రాయించండి:

"మా గ్రామం పెద్దచెరువు సప్లై చానల్‌ను సర్వే నంబరు ఫలానా నుంచి ఫలానా వరకు పూడిక తీయించాలని, హద్దులు కొలిపించి రాళ్లు నాటించాలని, ఇందుకు ఫలానా నిధి వాడాలని, ప్రతి ఏడూ వర్షాలకు ముందు శుభ్రం చేసే ఖర్చును చెరువు చేపల వేలం ఆదాయం నుంచి కేటాయించాలని, బాధ్యత నీటి సంఘం, పంచాయతీ ఉమ్మడిగా తీసుకోవాలని, ఫలానా తేదీలోగా పూర్తి చేసి తర్వాతి గ్రామ సభలో లెక్క చెప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

చోటు, నిధి, ఏటి ఖర్చు, బాధ్యత, గడువు. ఈ ఐదూ ఉంటే సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్ అంచనా వేయగలుగుతాడు. ఖర్చు అంచనాకు ఆయన్ని సభకు ముందే ఒకసారి పని జరగాల్సిన చోటికి తీసుకుపోండి. సభ అయ్యాక తీర్మానం కాపీ అడగండి, ఫోనులో ఫోటో కూడా తీసుకోండి. పక్క పంచాయతీలు కూడా అదే మాటలతో తీర్మానం చేస్తే అన్నీ కలిపి మండల పరిషత్తుకు ఇవ్వండి. ఒక ఊరి కోరికను పక్కన పెట్టడం తేలిక, ఒకే వాగు మీది ఐదూళ్ల తీర్మానాన్ని పక్కన పెట్టడం కష్టం. రాజ్యాంగంలోని 243జెడ్‌డి అధికరణం ప్రకారం పంచాయతీల, మునిసిపాలిటీల ప్రణాళికలను కలిపి జిల్లా ప్రణాళిక తయారు చేయడం జిల్లా ప్రణాళికా కమిటీ పని. అందులో కనీసం ఐదింట నాలుగు వంతులు ఎన్నికైన సభ్యులే ఉండాలి. మీ జడ్పీటీసీని, కౌన్సిలర్‌ను ఆ కమిటీ గురించి అడగండి. ఓటు అడిగిన మనిషిని ఈ మాట అడగడం మన హక్కు.

పెద్ద ప్రాజెక్టు వచ్చినప్పుడు

నెల్లూరు చుట్టూ నుడా, ఒంగోలు చుట్టూ ఒడా అనే పట్టణాభివృద్ధి సంస్థలు మాస్టర్ ప్లాన్లు వేస్తాయి. ముసాయిదా బయటపెట్టి అభ్యంతరాలు అడుగుతారు. నోటిఫికేషన్‌లో గడువు తేదీ ఉంటుంది, దాన్ని దాటనివ్వొద్దు. మీ చెరువు, వాగు, మేత పోరంబోకు ఆ పటంలో ఏ రంగులో ఉన్నాయో మొదట చూడండి. చెరువు ఆయకట్టు నివాస ప్రాంతం రంగులో కనిపిస్తే వెంటనే సర్వే నంబర్లతో రాసి ఇవ్వండి.

ఫ్యాక్టరీ, థర్మల్ విస్తరణ, గని లాంటివైతే 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి దాన్ని ఏర్పాటు చేస్తుంది. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేటుకు తక్కువ కాని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి, కలెక్టరేటులో, జిల్లా పరిషత్తులో, స్థానిక సంస్థ ఆఫీసులో చూడడానికి దొరకాలి. కోరం లేదు, అంటే పదిమందే వచ్చినా సభ జరిగినట్టే. "మేం పోకపోతే ఆగిపోతుంది" అనుకుని ఇంట్లో కూర్చోకండి.

అక్కడ ఉద్యోగాల మాటే ఎక్కువ వినిపిస్తుంది. ఉద్యోగాలు కావాల్సిందే, దాన్ని అడగండి కూడా. దాంతోపాటు నాలుగు అడగండి: నీళ్లు ఎక్కడినుంచి తీసుకుంటారు, బూడిద గానీ వ్యర్థం గానీ ఎక్కడ వేస్తారు, రోజుకు ఎన్ని లారీలు ఏ రోడ్డు మీద తిరుగుతాయి, ఆ రోడ్డు పాడైతే ఎవరు బాగుచేస్తారు. నాలుగింటినీ రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. సభ చివర కార్యక్రమ వివరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. మీరన్నది అందులో లేకపోతే అక్కడే లేచి చెప్పండి. గనుల ఊళ్లయితే గనుల వల్ల ఇబ్బంది పడే ఊళ్ల కోసం పెట్టిన జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి గురించి విడిగా అడగండి. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం దానికి అధిక ప్రాధాన్య రంగాలు. ఆ దుమ్ము పీల్చే ఊరికి ఆ డబ్బు రావాలి.

ఏప్రిల్ తర్వాత

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామ సభలు జరిగాయి. అంత పెద్ద సభ ఒక రోజు జరగడం మంచిదే. కానీ పని జరిగేది సభల మధ్య ఉండే నెలల్లో. ఐదుగురితో ఒక చిన్న బృందం పెట్టుకోండి, అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు కాలనీ మనిషి ఉండాలి. ప్రణాళిక ఈ–గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో ఎక్కిందా, తీర్మానంలో ఉన్నదే ఎక్కిందా అని చూడడం వాళ్ల మొదటి పని. మేరీ పంచాయత్ యాప్‌లో ఫోనులోనే చూడవచ్చు. పని మొదలైన చోట బోర్డు ఉందా, అంచనా మొత్తం రాశారా, కాంట్రాక్టరు కొలతలు తీర్మానంతో కలుస్తున్నాయా చూడాలి. ఉపాధి పనులకు సామాజిక తనిఖీ బృందం వచ్చినప్పుడు ఆ ఐదుగురూ వెంట తిరగాలి.

ఏడాదికి రెండుసార్లు ఆ నోటు పుస్తకంలోని రెండు పేజీలనూ పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి సచివాలయం గోడకు అంటించండి. ఇంటి పన్ను వసూలు ఎంత, కరెంటుకు ఎంత పోయింది, మిగిలింది ఎంత. పన్ను ఎందుకు కట్టాలో చెప్పే ఉపన్యాసం కంటే ఆ చార్టు బాగా పనిచేస్తుంది. వసూలైన డబ్బు తమ వీధి లైటుకే పోయిందని కంటితో చూసిన మనిషి మరుసటి ఏడు కట్టడానికి వెనకాడడు. సెక్రటరీలు బదిలీ అవుతారు, సర్పంచులు మారతారు. అందుకే ఆ పుస్తకం, మ్యాపు చార్టు, తీర్మానాల కాపీలు ఒక సెట్టు పంచాయతీలోనూ, ఇంకో సెట్టు గ్రామ సమాఖ్య బీరువాలోనూ పెట్టించండి.